పిల్లి మెడ వెనుక పదిహేను అంకెలు
(ప్రసంగ పాఠం)



పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. చెన్నపట్నంలో అద్దె ఇళ్ళలో కాపురం చేస్తున్న తెలుగువారిని చూస్తే ఆ మాట పిల్లికంటె మనకే ఎక్కువగా నప్పుతుందనిపిస్తుంది. పెరంబూరులో రెండేళ్ళు, అంబత్తూరులో మూడేళ్ళు, ఉద్యోగం దక్షిణానికి మారితే శోళింగనల్లూరు. మారిన ప్రతిసారీ గ్యాసు కనెక్షను, పిల్లల బడి, బ్యాంకులో చిరునామా అన్నీ మార్చుకుంటాము. ఇంట్లో పిల్లి ఉంటే దానినీ ఒక బుట్టలో పెట్టి వెంట తీసుకుపోతాము. మనం ఇల్లు మారామని మాత్రం దానికి ఎవరూ చెప్పరు. కొత్త ఇంట్లో బుట్ట మూత తీసిన క్షణాన అది వెతికేది పాత ఇంటి కిటికీనే.

పిల్లికి మైక్రోచిప్ వేయించడం వలన దాని ఆరోగ్యానికి మేలెంత, కీడెంత అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను తిరుపతిలో పశువైద్యం చదివి, ఈ నగరంలో ఇరవై ఏళ్ళకు పైగా చిన్న జంతువుల వైద్యం చేస్తున్నవాడిని. కుక్కల లైసెన్సుతోపాటు చిప్ మాట కూడా నగరపాలక సంస్థ నోట తరచుగా వినబడుతున్న ఈ రోజుల్లో, పిల్లులను పెంచేవారు సైతం నా దగ్గరకు వచ్చి అడుగుతున్నారు. వారి ప్రశ్నలు దాదాపు ఒక్కటే వరుసలో వస్తాయి. దానివల్ల క్యాన్సరు వస్తుందా? లోపల ఎప్పుడూ కరెంటు పారుతూ ఉంటుందా? పిల్లి ఎక్కడ ఉన్నదో ఫోనులో కనబడుతుందా? మూడవ ప్రశ్న అడిగేవారి కళ్ళలో ఆశ ఉంటుంది. ఆ ఆశను ముందే తుంచవలసి వస్తున్నందుకు మన్నించండి. కనబడదు.

వస్తువేమిటో ముందు చూద్దాము. బియ్యపు గింజంత ఉంటుంది. పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. ఇటీవల 8 మిల్లీమీటర్ల చిన్న రకాలూ వస్తున్నాయి. శరీరం సులభంగా తిరస్కరించని ప్రత్యేకమైన గాజు తొడుగు, అందులో సన్నని తీగచుట్ట, దానికి అతికిన ఒక చిప్పు. అంతే. బ్యాటరీ లేదు. స్కానరును దగ్గరకు తెచ్చినప్పుడు అది పంపే 134.2 కిలోహెర్ట్జుల తరంగమే ఆ తీగచుట్టలో క్షణకాలం విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ బలంతో చిప్పు తన పదిహేను అంకెల సంఖ్యను చెప్పి మళ్ళీ మౌనం వహిస్తుంది. స్కానరు ఎదుట లేనప్పుడు అది ఏ తరంగమూ వెలువరించని గాజు గింజ మాత్రమే. కనుక కరెంటు భయానికి ఆధారం లేదు. పిల్లి ఎక్కడ ఉన్నదో తెలపడానికి ఉపగ్రహంతో మాట్లాడే పరికరం వేరు; దానికి బ్యాటరీ కావాలి, మెడపట్టీకి తగిలించాలి, తరచుగా చార్జి చేయాలి.

మన ఊళ్ళలో ఆవుల, గేదెల చెవులకు పసుపుపచ్చని బిళ్ళలు మీరు చూసే ఉంటారు. వాటి మీద పన్నెండు అంకెలుంటాయి. పశువుల ఆధార్ అని మనవారు పిలుచుకునే ఆ సంఖ్య ప్రభుత్వ జాబితాలోకి చేరుతుంది. పిల్లి చిప్పులోని పదిహేను అంకెలు ఎక్కడికి చేరతాయి? ఈ ప్రశ్నను కొంతసేపు పక్కన ఉంచండి. కీడు సంగతి ముగించుకొని అక్కడికే వద్దాము.

చిప్పును పిల్లి రెండు భుజపుటెముకల మధ్య, చర్మం కింద, సూదితో ఉంచుతారు. ఆ సూది టీకా సూదికంటె లావైనది. నొప్పి ఉండదని చెప్పే వైద్యుణ్ణి నమ్మకండి. ఉంటుంది, క్షణకాలం ఉంటుంది. కొన్ని పిల్లులు అసలు పట్టించుకోవు, కొన్ని నన్ను ఏడాదిపాటు క్షమించవు. కు.ని. శస్త్రచికిత్స కోసం మత్తు ఇచ్చిన సమయంలోనే చిప్పు కూడా వేయించుకుంటే ఆ క్షణకాలపు నొప్పి కూడా పిల్లికి తెలియదు. నా దగ్గరకు వచ్చేవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే. వేసిన చోట ఒక బొట్టు రక్తం రావచ్చు. ఒకటి రెండు రోజులు అక్కడ రుద్దకండి, స్నానం చేయించకండి.

ఆ తరువాత జరగగల చెడు ఏమిటి? బ్రిటనులో చిన్న జంతువుల వైద్యుల సంఘం 1996 నుంచి చిప్పుల వలన కలిగిన ఇబ్బందుల వివరాలను నమోదు చేస్తూ వచ్చింది. నలభై లక్షలకు పైగా జంతువులకు చిప్పులు వేయగా, వారికి అందిన ఫిర్యాదులు 391. వాటిలో అన్నిటికంటె ఎక్కువగా వచ్చినది చిప్పు వేసిన చోట ఉండక పక్కకు జరగడం. పనిచేయకపోవడం, వెంట్రుకలు రాలడం, వాపు, చీము, కణితి అన్నవి ఇంకా తక్కువ. లెక్క వేస్తే సుమారు పదివేలకు ఒకటి. అయితే ఫిర్యాదు పంపడం ఎవరి ఇష్టం వారిది గనుక, వైద్యులు చూసి కూడా రాయని సంఘటనలు ఉండే ఉంటాయి. వైద్యుడిగా నాకు ఆ సోమరితనం కొత్త కాదు. అసలు సంఖ్య పది రెట్లు ఉన్నదనుకొన్నా వేయికి ఒకటి అవుతుంది. అందులోనూ ఎక్కువ భాగం చిప్పు భుజం వైపుకో మోచేతి వైపుకో జారడమే. జారిన చిప్పు పిల్లికి సాధారణంగా హాని చేయదు. చూసేవాడు మెడ వెనుక మాత్రమే వెతికి, చిప్పు లేదని పంపివేయడమే దానితో వచ్చే చిక్కు.

అరుదైనా నేను దాచకూడని మాట ఒకటి ఉన్నది. చిప్పును తప్పు చోట గుచ్చడం వలన వెన్నుపాముకు గాయమైన పిల్లి ఉదంతం 2007లో పిల్లుల వైద్యానికి సంబంధించిన ఒక పత్రికలో వచ్చింది. చిన్న పిల్లికూన, పెనుగులాట, అనుభవం లేని చేయి, ఈ మూడూ కలిస్తే అలాంటిది జరగవచ్చునని ఊహించడం కష్టం కాదు. చిప్పు వేయడం తేలికైన పనే. తేలికైనది కనుకనే పెంపుడు జంతువుల దుకాణంలోనో, ఇంటికి వచ్చిన మనిషి చేతనో కానిచ్చేయాలని అనిపిస్తుంది. అలా చేయకండి. పశువైద్యుని చేతనే, బల్ల మీద, మరొకరు పిల్లిని పట్టుకొని ఉండగా వేయించండి. జ్వరంతో ఉన్న పిల్లికీ, మరీ బలహీనమైన కూనకూ వాయిదా వేయండి. చిప్పుకు తొందర లేదు.

ఇప్పుడు క్యాన్సరు. దీని మీద నిలిచి మాట్లాడవలసి ఉన్నది, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉన్నది.

ప్రయోగశాలల్లో ఎలుకలను గుర్తుపట్టడానికి చిప్పులు వేస్తారు. అలా వేసిన ఎలుకలలో నూటికి ఒకటి మొదలు నాలుగు వరకు చిప్పు చుట్టూ కణితులు వచ్చినట్లు కొన్ని పరిశీలనలు చెప్పాయి. 2007లో ఈ సంగతి అమెరికా వార్తాపత్రికల కెక్కి పెద్ద కలవరం రేపింది. ప్రయోగశాల ఎలుకలలో కొన్ని జాతులు కణితులకు పుట్టుకతోనే లొంగినవి. అదీగాక ముప్పై గ్రాముల ఎలుకలో బియ్యపు గింజ ఎంతదో, నాలుగు కిలోల పిల్లిలో ఎంతదో మీరే ఊహించండి. కుక్కలలో, పిల్లులలో లక్షలాది చిప్పులు వేసిన తరువాత బయటపడ్డ ఉదంతాలు వేళ్ళ మీద లెక్కించదగినవి. పిల్లులలో చిప్పు పక్కన కణితి కనబడిన ఉదంతాలు 2008లోనూ, 2011లోనూ వైద్య పత్రికల్లో వచ్చాయి.

ఇంతటితో ఆపితే సగం మాటే చెప్పినవాడినవుతాను. కుక్కకు లేని ఒక బలహీనత పిల్లికి ఉన్నది. సూది గుచ్చిన చోట, వాపు చాలాకాలం నిలిస్తే, ఆ వాపు ఎప్పుడో ఒకప్పుడు చెడ్డ కణితిగా మారగలదు. 1991లో అమెరికాలో పెన్సిల్వేనియా వైద్యులు, టీకాలు వేసే చోట్లలోనే పిల్లులకు ఇలాంటి కణితులు పెరుగుతున్నాయని గమనించి ప్రకటించారు. రేబిస్ టీకాలో కలిపే కొన్ని పదార్థాల మీద అనుమానం మొదలైంది అప్పుడే. సుమారు పదివేల టీకాలకు ఒకటి అన్న అంచనా ఎక్కువగా వినబడుతుంది. చిప్పుతో ముడిపడిన పిల్లుల ఉదంతాలలో చిక్కు ఏమిటంటే, మెడ వెనుక అదే ప్రాంతంలో టీకాలు కూడా వేసే అలవాటు ఉండడం. కణితి చిప్పు వలన వచ్చిందా, టీకా వలన వచ్చిందా అన్నది విడదీసి చెప్పడం దుర్లభం.

దీని నుంచి నేను తీసుకొన్న నియమం చాలా చిన్నది. మెడ వెనుక చోటును చిప్పుకు వదిలివేయాలి. టీకాలు కాలికి, వీలైనంత కిందుగా వేయాలి. రేబిస్ టీకాకు కుడి వెనుక కాలు అన్నది పిల్లుల వైద్యులలో స్థిరపడిన పద్ధతి. అందులోని తర్కం కటువైనదే: కాలికి కణితి వస్తే కాలిని తీసి పిల్లిని బతికించవచ్చు, భుజాల మధ్య వస్తే తీయడానికి చోటు ఉండదు. మన నగరంలో ఇప్పటికీ చాలామంది అలవాటు కొద్దీ మెడ వెనుకనే టీకా వేస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు మీరు మర్యాదగానే "డాక్టరుగారూ, కాలికి వేస్తారా?" అని అడగండి. నొచ్చుకొనే వైద్యుడు ఉండవచ్చు, నొచ్చుకోనివ్వండి. ఏ కాలికి వేశారో టీకా పుస్తకంలో రాయించుకోండి.

మరొక జాగ్రత్త. నెలకొకసారి, పిల్లి మీ ఒడిలో నిద్రపోతున్నప్పుడు, చిప్పు ఉన్న చోటా, టీకా వేసిన చోటా వేళ్ళతో తడిమి చూడండి. గడ్డ తగిలితే మూడు ప్రశ్నలు వేసుకోండి. సూది వేసి మూడు నెలలు దాటినా ఉన్నదా? రెండు సెంటీమీటర్లకంటె పెద్దదా? సూది వేసిన నెల తరువాత కూడా పెరుగుతూ ఉన్నదా? మూడింటిలో ఏ ఒక్కటి అవునన్నా ఆలస్యం చేయక ముక్క తీసి పరీక్ష చేయించాలి. ముందుగా దొరికిన కణితికి మందు ఉన్నది, ఆలస్యంగా దొరికినదానికి నా దగ్గర ఓదార్పు తప్ప మరేమీ ఉండదు.

కణితి భయంతో రేబిస్ టీకానే మానివేస్తామని ఒక దంపతులు నాతో అన్నారు. అమ్మా, అయ్యా, ఆ పొరపాటు మాత్రం చేయకండి. మన దేశంలో రేబిస్ పుస్తకంలోని వ్యాధి కాదు, వీధి మలుపులో ఉన్న వ్యాధి. లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బతకరు, పిల్లి గాని మనిషి గాని.

ఎమ్.ఆర్.ఐ. గురించి కూడా కొందరు అడుగుతారు. చిప్పు ఉన్న పిల్లికి ఆ పరీక్ష చేయవచ్చు. మెడ భాగపు చిత్రంలో చిప్పు చుట్టూ కొంత మసక పడుతుంది. అంతకుమించి పట్టించుకోవలసినది లేదు.

కీడు ఇంత. ఇక మేలు.

2009లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన మా వృత్తిలో చాలామందికి కంఠస్థం. యాభై మూడు జంతు సంరక్షణ కేంద్రాలలోకి చేరిన, చిప్పు ఉన్న 7,704 జంతువుల వివరాలు వారు పరిశీలించారు. దారి తప్పి వచ్చిన పిల్లులన్నిటిలోనూ యజమాని ఇంటికి తిరిగి చేరినవి నూటికి రెండు కూడా లేవు, సరిగా చెప్పాలంటే 1.8. చిప్పు ఉన్నవాటిలో 38.5. కుక్కలలో ఈ తేడా ఇంతగా లేదు. చిప్పు లేకున్నా ఐదింటిలో ఒకటి ఇల్లు చేరుతూనే ఉన్నది. కుక్కకోసం మనం వీధి వీధీ తిరుగుతాము. పిల్లి అయితే, రెండు రోజులు చూసి, అదే వస్తుందిలే అనుకొంటాము. చూసినవారు కూడా దానిని వీధి పిల్లి అనే అనుకొంటారు. పిల్లికి తన ఇల్లు ఏదో చెప్పగల సాక్షి మరొకటి లేదు.

మెడపట్టీ చాలదా అంటారా? పట్టీ మంచిదే. ఐదువందలకు పైగా పిల్లులకు పట్టీలు కట్టి ఆరు నెలలు గమనించిన 2010 నాటి ఒక అమెరికా పరిశీలనలో, డెబ్బై శాతానికి పైగా పిల్లులు చివరి వరకు పట్టీతోనే ఉన్నాయి. యజమానులు అనుకొన్నదానికంటె అది మెరుగే. అయితే వాటిలో నూటికి మూడు పిల్లులకు ముంగాలో, దవడో పట్టీలో ఇరుక్కొన్నది, లేదా పట్టీ ఏదో ఒకదానికి తగులుకొన్నది. కనుక పట్టీకి కూడా దాని ప్రమాదం దానికి ఉన్నది. లాగితే ఊడిపోయే రకం కొనండి. దాని మీద ఫోను నంబరు రాయించండి. పొరుగింటివారి దగ్గర స్కానరు ఉండదు కదా. పట్టీ ఊడిన రోజున చిప్పు మిగులుతుంది.

అమెరికా సంఖ్యలను మనకు ఉన్నవి ఉన్నట్లు అన్వయించకూడదు. అక్కడ దారి తప్పిన పిల్లిని తీసుకొనే కేంద్రాలు ఎక్కువ, చేరిన ప్రతి జంతువునూ స్కానరుతో చూడడం అక్కడి అలవాటు. ఇక్కడ దొరికిన పిల్లిని ఎవరో ఒక దయగల మనిషి ఇంటికి తీసుకుపోయి పాలు పోస్తారు. వైద్యునికి చూపిస్తేనే స్కానరు దాకా వస్తుంది. ఇంగ్లండులో 2024 జూన్ 10 నుంచి ఇరవై వారాలు నిండిన ప్రతి పెంపుడు పిల్లికీ చిప్పు తప్పనిసరి చేశారు. లేకుంటే 500 పౌండ్ల వరకు జరిమానా. చట్టంతోపాటు చదివే చేతులు కూడా ఉన్నప్పుడు దానికి అర్థముంటుంది.

ఆ 2009 పరిశీలనలోనే మరొక పట్టిక ఉన్నది. చిప్పు ఉండి కూడా యజమాని దొరకని సందర్భాలలో కారణమేమిటని వారు వెతికారు. అన్నిటికంటె పెద్ద కారణం, నూటికి ముప్పై ఐదు, నమోదైన ఫోను నంబరు తప్పు కావడం లేదా పనిచేయకపోవడం. కొన్ని చిప్పులు అసలు ఎక్కడా నమోదే కాలేదు. గాజు గింజ తన పని తాను చేసింది. అంకెలు సరిగానే చెప్పింది. ఆ అంకెలకు అవతల మనిషి లేడు.

నేను మిమ్మల్ని పక్కన ఉంచమన్న ప్రశ్న ఇదే. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం ఒక పిల్లి కథ. పేరు చుక్క. తెల్లని పిల్లి, నుదుటి మీద నల్లని మచ్చ.

సుమారు పదేళ్ళ కిందటి మాట. నెల్లూరు వైపు నుంచి వచ్చి విల్లివాక్కంలో ఉంటున్న ఒక కుటుంబం. చుక్కకు శస్త్రచికిత్సా, చిప్పూ రెండూ నేనే చేశాను. నమోదు పత్రంలో ఒక్క ఫోను నంబరు రాశారు; ఆ ఇంటాయనకు కంపెనీవారు ఇచ్చినది. ఏడాది తరువాత వారు తాంబరం మారారు. సామాను దింపుతున్న సమయంలో, బీరువా చప్పుడుకు బెదిరి, చుక్క బుట్ట తోసుకొని పారిపోయింది. ఎనిమిది రోజులు వెతికారట. నాకు అప్పుడు తెలియదు.

నాలుగు నెలలకు, పాత విల్లివాక్కం ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఒక దర్జీ కుటుంబం, కాలికి చీము పట్టిన తెల్లని పిల్లిని నా దగ్గరకు తెచ్చారు. తాంబరం నుంచి అది అంత దూరం ఎలా చేరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. స్కానరు పెట్టగానే అంకెలు వచ్చాయి. నేను వేసిన చిప్పే. ఎంత సంతోషించానో చెప్పలేను. ఫోను చేశాను. ఆ నంబరు వాడుకలో లేదు. ఉద్యోగం మారినప్పుడు కంపెనీ సిమ్ము తిరిగి ఇచ్చివేశారు. పత్రంలోని చిరునామాకు మనిషిని పంపాను; ఇల్లు చేతులు మారింది, కొత్తవారికి ఏమీ తెలియదు. రెండు నెలలు చూశాము. ఈలోగా దర్జీగారి ఇద్దరు ఆడపిల్లలు దానికి లక్ష్మి అని పేరు పెట్టుకొన్నారు.

ఏడాదిన్నర తరువాత ఆ నెల్లూరు తల్లి కొత్త కూనతో నా దగ్గరకు వచ్చింది. పేరు రాయబోతూ పాత పత్రం తీశాను. అప్పుడు చెప్పవలసి వచ్చింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "బాగున్నదా, డాక్టరుగారూ?" అని మాత్రం అడిగింది. బాగున్నదమ్మా అన్నాను. ఒక ఆదివారం చూసి రావడానికి వెళ్ళింది. పిల్లి ఒళ్ళోకి వచ్చి కూర్చున్నదట. ఆ ఆడపిల్లలు తలుపు దగ్గర నిలబడి, పిల్లి వంక కాక తన ముఖం వంకే చూస్తూ ఉన్నారట. ఆమె కాఫీ తాగి, ఒంటరిగానే తిరిగి వచ్చింది.

అందులో సగం తప్పు నాది. చిప్పు ఎలా వేయాలో నాకు తెలుసు. కాలేజీలో అది నేర్పారు. నంబరు మారితే చెప్పమని అడగడం ఎవరూ నేర్పలేదు, నాకూ తోచలేదు. ఇప్పుడు నా పత్రంలో మూడు గడులుంటాయి. ఒకటి మీ నంబరు. రెండవది ఈ ఊళ్ళోనే ఉండి, ఊరు మారని మనిషి నంబరు. మూడవది మీ సొంత ఊరిలో పెద్దవారి నంబరు. సింగరాయకొండలోనో సాలూరులోనో ఉన్న అమ్మమ్మ గారి నంబరు ఇరవై ఏళ్ళయినా మారదు. ప్రతి ఏటా టీకాకు వచ్చినప్పుడు స్కానరుతో ఒకసారి చదివి, ఆ మూడు నంబర్లూ పైకి చదివి వినిపిస్తాను. అర నిమిషం పని.

మన దేశంలో పెంపుడు పిల్లులన్నిటి వివరాలూ ఒక్కచోట ఉండే జాబితా లేదు. చిప్పు తయారీదారుని జాబితా ఒకటి, వైద్యశాల పుస్తకం ఒకటి, లైసెన్సు తీసుకొన్న చోట నగరపాలక సంస్థ దస్త్రం ఒకటి. అందుకే చిప్పు వేయించిన రోజునే మూడు మాటలు అడగండి: ఇది ఐ.ఎస్.ఓ. ప్రమాణానికి చెందిన పదిహేను అంకెల చిప్పేనా? ఏ జాబితాలో చేరింది? మార్పు ఉంటే నేనే మార్చుకోవచ్చునా, మీరు మార్చాలా? అంకెల స్టిక్కరును టీకా పుస్తకంలో అంటించుకోండి. వేయకముందు చిప్పును చదివి చూడమనండి, వేసిన తరువాత మళ్ళీ చదవమనండి. ఈ మాటలన్నీ అడిగితే వైద్యునికి ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది. పరవాలేదు.

జర్మనీకో, ఫ్రాన్సుకో ఉద్యోగానికి పోతూ పిల్లిని వెంట తీసుకుపోదామనుకొనే యువకులు మనలో పెరుగుతున్నారు. వారికి ఒక్క హెచ్చరిక. ఐరోపా సమాఖ్య లెక్కలో చిప్పు ముందు, రేబిస్ టీకా తరువాత. టీకా ముందు వేయించి ఉంటే అది చెల్లదు, మళ్ళీ వేయించాలి. టీకా వేసిన ముప్పై రోజులు గడిచాక రక్తపరీక్ష, ఆ పైన మూడు నెలల నిరీక్షణ. వీసా చేతికి వచ్చాక మొదలు పెడితే పిల్లి ఇక్కడే మిగులుతుంది. ఇప్పటికే మూడు పిల్లులు అలా మా ఇంట్లో మిగిలాయి.

నన్ను సూటిగా అడిగితే, నా పిల్లులన్నిటికీ వేశాను. కదలని, ముసలి, బయటి గాలి ఎరుగని పిల్లి విషయంలో మాత్రం పట్టుబట్టను. డబ్బు ఒక్కదానికే చాలితే మొదట రేబిస్ టీకా, ఆ తరువాత కు.ని. శస్త్రచికిత్స, బాల్కనీకి వల. చిప్పు ఆ తరువాత. నాలుగో అంతస్తు నుంచి పడిన పిల్లులను నేను చూసినన్ని, చిప్పు వలన బాధపడినవాటిని చూడలేదు. కానీ ఇల్లు మారబోతున్నవారు, మరుసటి నెలలోనే మారబోతున్నవారు, ఈ వరుసను నా మాట మీద కొంచెం ముందుకు జరపండి. లారీ మాట్లాడుకొనే రోజునే ఫోను నంబరు మార్పు కూడా మీ జాబితాలో రాసుకోండి.

స్కానరు నా వెంట తెచ్చాను. వెనుక బల్ల మీద ఉన్నది. నమోదు పత్రాలు తెలుగులోనూ తమిళంలోనూ ఉన్నాయి. చిప్పు ఉన్న పిల్లులను ఇక్కడికి తెచ్చినవారు ఒక్కొక్కరుగా రండి, అంకెలు చదివి నంబర్లు సరిచూద్దాము. బుట్ట మూత మాత్రం నేను చెప్పేవరకు తీయకండి. ఈ హాలుకు నాలుగు తలుపులున్నాయి, నాలుగూ తెరిచే ఉన్నాయి.